జిల్లా పత్రిక సైట్‌ను వర్డ్‌ప్రెస్‌కు మారుస్తుంటే పాత వార్తలు పోకుండా ఏం చేయాలి?

మీ పత్రిక సైట్ ఎప్పుడో ఎవరో రాసిచ్చిన సాఫ్ట్‌వేర్ మీద నడుస్తోందనీ, వర్డ్‌ప్రెస్‌కు మారాలా ద్రూపల్‌కు మారాలా (రెండూ సైట్ నడిపే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్లే) అనీ, పాత వార్తలు ఏమవుతాయనీ అడిగారు. ఒక జిల్లా పత్రికకు ఈ పని చేశాను. మొదటి ప్రశ్న మీద ఎక్కువ రోజులు పెట్టకండి, మీ టైమంతా రెండోదానికే కావాలి.

చిన్న టీమ్‌కు వర్డ్‌ప్రెస్ చాలు. రెండూ ఉచితమే, రెండింటి కోడూ మన చేతిలోనే ఉంటుంది. కానీ రాత్రి సైట్ ఆగిపోతే చూసిపెట్టే మనిషి దగ్గర్లో దొరకాలి కదా. ద్రూపల్ గట్టిదే. అయితే దాని 7వ వెర్షన్‌కు 2025 జనవరిలో సపోర్ట్ ఆగిపోయింది. దాని మీద ఉన్నవాళ్లకు కొత్త వెర్షన్‌కు వెళ్లడమంటే దాదాపు సైట్ మళ్లీ కట్టుకోవడమే. సొంత డెవలపర్ ఉంటేనే అటు చూడండి.

ఇక పాత వార్తలు. ఒకదాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టి చూడండి. తెలుగు కనిపిస్తే అది యూనికోడే, అంటే ఇప్పుడు ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ చదివే పద్ధతి; సగం గండం గడిచినట్టు. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తే అది పేజీలు దిద్దే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ కాలంలో 'అను' లాంటి పాత తెలుగు ఫాంట్లలో కొట్టిన మ్యాటర్. దాన్ని అక్షరానికి అక్షరం మార్చేస్తే కుదరదు. 'స్త్రీ' తీసుకోండి. యూనికోడ్‌లో స, త, ర మధ్యలో పొల్లులతో వరుసగా వచ్చి, గుడిదీర్ఘం చివర్లో వస్తుంది. పాత ఫాంట్లలో కంటికి కనిపించే వరుసే ఉంటుంది: ముందు 'సీ', దాని తర్వాత వత్తులు. కొన్నింట్లో ర వత్తు అక్షరం కంటే ముందే వస్తుంది. పాత ఫాంట్ మ్యాటర్‌ను యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రామ్, అంటే కన్వర్టర్, ఈ వరుసను సరిచేయగలగాలి. మేము వత్తులెక్కువున్న మాటలతో, జిల్లాలోని ఊళ్ల పేర్లతో ఒక పరీక్ష ఫైలు పెట్టుకుని, కన్వర్టర్‌లో ఏ మార్పు చేసినా ముందు దానిమీదే నడిపేవాళ్లం. వార్త మధ్యలో వచ్చే ఇంగ్లిష్ మాటలను విడిగా చూసుకోండి, లేకపోతే అవీ ఏదో తెలుగుగా మారిపోతాయి. చివర్లో ప్రూఫ్ రీడర్ కన్ను పడాల్సిందే. అసలు ఫైళ్లు మాత్రం చెరపొద్దు, మెరుగైన కన్వర్టర్ దొరికితే మళ్లీ నడపొచ్చు.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. చెరువు తెగిన సంగతి, పంచాయతీ ఎన్నికలో ఎవరు గెలిచారన్నది, ఫలానా ఊళ్లో బడి ఎప్పుడు మొదలైందన్నది చాలాసార్లు జిల్లా పత్రికలో తప్ప ఇంకెక్కడా ఉండదు. ఆ వార్త పోతే ఆ ఊరికి రాతపూర్వక ఆధారమే పోయినట్టు.

అందుకే లింకులు కూడా బతకాలి. పాత సైట్‌లో వార్తకున్న నంబరును కొత్త పోస్టులో కస్టమ్ ఫీల్డ్‌గా (పోస్టుతోపాటు మనం జోడించుకునే అదనపు వివరంగా) దాచండి. దాని సాయంతో ప్రతి పాత చిరునామానూ అదే వార్తకు 301 రీడైరెక్ట్ చేయండి, అంటే పాత లింకు నొక్కినవాళ్లు శాశ్వతంగా కొత్త చిరునామాకే చేరేలా పెట్టండి. అన్నిటినీ హోమ్ పేజీకి తోసేస్తే వెతుక్కుంటూ వచ్చినవాళ్లకు ఏమీ దొరకదు. కొత్త చిరునామాల్లో తెలుగు శీర్షిక పెట్టొద్దు. వర్డ్‌ప్రెస్ స్లగ్‌కు (చిరునామా చివర వార్తను గుర్తించే ముక్కకు) 200 స్థానాలే ఉంటాయి, ఒక్కో తెలుగు అక్షరానికి 9 పోతాయి. గుణింతం గుర్తులు, పొల్లులు కూడా విడివిడిగా లెక్కే కాబట్టి 22 దాటితే శీర్షిక మధ్యలో తెగుతుంది. తేదీ, వార్త నంబరు చాలు.

మండల విలేకరులకు వర్డ్‌ప్రెస్‌లోని 'కంట్రిబ్యూటర్' హోదా సరిపోతుంది: వార్త రాస్తారు, డెస్క్ చూశాకే అచ్చవుతుంది. కాకపోతే ఆ హోదాలో ఫొటో ఎక్కించే వీలుండదు, ఆ ఒక్క అనుమతీ విడిగా ఇవ్వండి. థీమ్‌లో (సైట్ రూపాన్ని నిర్ణయించే డిజైన్‌లో) శీర్షికల లైన్ల మధ్య దూరం పెంచండి. ఇంగ్లిష్ కోసం చేసిన థీముల్లో మన వత్తులు కింది లైనును తగులుతాయి.

కొత్త సైట్ మొదలయ్యాక కొన్ని నెలలపాటు సర్వర్ లాగ్‌లో (సైట్‌కు వచ్చిన ప్రతి అభ్యర్థన నమోదయ్యే చోట) 404, అంటే 'పేజీ దొరకలేదు' అని వస్తున్న చిరునామాలు రోజూ చూడండి. జనం ఏ పాత వార్త కోసం వస్తున్నారో అక్కడే తెలుస్తుంది, ముందు వాటిని సరిచేయండి.