థాయిలాండ్‌లో ఇంగ్లీషు చెప్పడానికి వెళ్తున్న అమ్మడికి

చి. అమ్మడికి, పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

మీ అమ్మ ఫోన్ చేసి నీ ఉద్యోగం సంగతి చెప్పింది. థాయిలాండ్ బడిలో ఇంగ్లీషు టీచరువట, మే నెల మధ్యలో బడులు తెరిచేసరికి చేరాలట. ఏటిగట్టు పక్క బడిలో అక్షరాలు దిద్దుకున్న పిల్ల పరాయి దేశంలో పిల్లలకి చదువు చెప్పబోతోందంటే మన ఇంటిల్లిపాదికీ గర్వమే. చిన్నప్పుడు అరుగు మీద వీధి పిల్లలందర్నీ కూర్చోబెట్టి పలక పట్టించేదానివి, కాబట్టి పాఠం చెప్పడం గురించి నాకు బెంగ లేదు. "ముందు టూరిస్టుగా వెళ్ళిపోదాం, వీసా అక్కడ మార్పిస్తామన్నారు" అని మీ అమ్మతో అన్నావట. నా గుబులంతా ఆ మాట మీదే. అందుకే ఈ ఉత్తరం పొడుగవుతుంది. విసుక్కోకుండా చివరిదాకా చదువు.

చిన్నవి ముందు చెప్పేస్తాను. బడికి మోకాలు దిగే స్కర్టు, కాలరున్న చొక్కా పెట్టుకో. చాలా గదుల బయట చెప్పులు విప్పాలి కాబట్టి బకిల్సు లేని జోడు తీసుకో. వాడే మందులుంటే డాక్టరు చీటీతో సహా పట్టుకెళ్ళు. ఆవకాయ చేతిసంచీలో పెట్టకు, లగేజీలో వెయ్యి.

ఇక అసలు సంగతి. థాయిలాండ్‌లో ఉద్యోగం చెయ్యాలంటే నాన్-ఇమిగ్రెంట్ బి అనే వీసా కావాలి. దానిమీద మొదట 90 రోజులుండనిస్తారు. ఆ లోపల బడివాళ్ళు వర్క్ పర్మిట్ తీయించి, ఇమిగ్రేషన్ ఆఫీసులో గడువు పొడిగిస్తారు. వర్క్ పర్మిట్ చేతికొచ్చేదాకా తరగతిలో నిలబడి పాఠం చెప్పడం చట్టం ఒప్పుకోదు. టూరిస్టుగా దిగి లోపల వీసా మార్చుకునే దారి లేదా అంటే, ఉంది. కానీ బడివాళ్ళు కాగితాలన్నీ సరిగ్గా ఇవ్వాలి, ఇంకా రోజులు మిగిలుండాలి, అధికారి ఒప్పుకోవాలి. ఇందులో ఒక్కటి తప్పినా గడువు ముంచుకొస్తుంది. అప్పుడు నీ ఖర్చుతో లావోస్ లాంటి పక్క దేశానికి వెళ్ళి, అక్కణ్ణుంచి మళ్ళీ కొత్తగా వీసాకి దరఖాస్తు పెట్టాలి. గడువు దాటితే రోజుకి 500 బాత్‌లు జరిమానా, 20,000 దాకా. తనిఖీకొస్తే పట్టుబడేది నువ్వు. ఏజెంటు ఫోనెత్తడు.

ఇది మన కోనసీమ కళ్ళారా చూసిన తప్పు. రాజోలు, మలికిపురం, అటు నరసాపురం వైపు గల్ఫ్ వెళ్ళినవాళ్ళు లేని వీధి తక్కువ. విజిట్ వీసా మీద వెళ్తే చాలు, అక్కడ మార్పిస్తామన్న మాట నమ్మి ఎంతమంది ఆడవాళ్ళు పాస్‌పోర్టు యజమాని చేతిలో పెట్టి, జీతం రాక, ఇంటికి రాలేక ఏడ్చారో ఆ వీధుల్ని అడుగు. వాళ్ళకి చదువు లేదు కాబట్టి మోసపోయారు, నేను ఎమ్మే చదివానంటావేమో. చదువున్నవాళ్ళ కోసం ఇప్పుడు వేరే వల వేస్తున్నారు. కంప్యూటరు, ఇంగ్లీషు వస్తే చాలు, బ్యాంకాక్‌లో మంచి జీతమని పిలిచి, విమానాశ్రయం నుంచి కారులో తిన్నగా సరిహద్దు ఊరైన మే సోత్ తీసుకెళ్ళి, మోయి నది దాటించి మయన్మార్‌లోని మ్యావడి సైబరు మోసాల కొట్టాల్లో పడేస్తున్నారు. 2025 మార్చిలో మన ప్రభుత్వం వైమానికదళ విమానాలు పంపి మే సోత్ నుంచి ఐదొందల మందికి పైగా వెనక్కి తెచ్చింది. వాళ్ళలో చదువుకున్న కుర్రాళ్ళు బోలెడుమంది. నిన్ను భయపెట్టాలని రాయడం లేదు తల్లీ. వీసా అక్కడ మార్పిస్తామన్న మాట వినగానే నా గుండె ఎందుకు ఆగిందో నీకు తెలియాలని రాస్తున్నాను.

కాబట్టి ఇలా చెయ్యి. ఏజెంటు ఇచ్చిన నంబరు కాకుండా బడి నంబరు నువ్వే వెతికి ఫోన్ చెయ్యి. విదేశీ టీచర్లని చూసుకునే మేడమ్ ఎవరో ఒకరుంటారు, ఆవిడతో వీడియోలో మాట్లాడు. ఇప్పుడక్కడ పనిచేస్తున్న విదేశీ టీచరుతో ఒకసారి మాట్లాడించమను. మాట్లాడించడానికి నసిగితే ఆ ఉద్యోగం వదిలెయ్యి. ఒప్పందం మీద, వీసా కోసం ఇచ్చిన ఉత్తరం మీద ఒకే బడి పేరు ఉండాలి. మన ఏజెంటు విదేశాంగశాఖ దగ్గర నమోదైనవాడో కాదో ఈ-మైగ్రేట్ సైటులో లైసెన్సు నంబరు కొట్టి చూడు. నమోదైన ఏజెంటు ఉద్యోగార్థి దగ్గర 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ మించి తీసుకోకూడదు, రసీదు ఇచ్చి తీరాలి. వీసాకి ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు పెట్టాలి. వచ్చిన కాగితం మీద నాన్-ఇమిగ్రెంట్ బి అని నువ్వు కళ్ళతో చూశాకే టిక్కెట్టు కొను. అన్నీ సరిగ్గా ఉన్నా సరే, దిగాక కారు మే సోత్ వైపు వెళ్తోందని ఫోనులో మ్యాపు చెప్తే, పెట్రోలు బంకు కనపడగానే దిగిపో. పెట్టె పోతే పోయింది. టూరిస్టు పోలీసు నంబరు 1155, ఇంగ్లీషులో మాట్లాడతారు. ఇప్పుడే ఫోనులో దాచుకో.

కాగితాల్లో మన తెలుగువాళ్ళకి తప్పకుండా తగిలే చిక్కొకటుంది. పదో తరగతి మార్కుల జాబితాలో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది, డిగ్రీలో పొడి అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు విడిగా ఇంకో గడిలో ఉంటుంది. మన కళ్ళకి ముగ్గురూ ఒకరే, అక్కడి గుమస్తాకి ముగ్గురు మనుషులు. ఈ వారంలోనే మూడూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడు. తేడా ఉంటే ఆ పేర్లన్నీ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ రాయించు, అది చాలుతుందో లేదో ముందే బడివాళ్ళని అడుగు. ప్రొవిజనల్ సర్టిఫికెట్టు సరిపోదు. నన్నయ యూనివర్సిటీ నుంచి అసలు పట్టా తెచ్చుకోకపోతే ఇవాళే దరఖాస్తు పెట్టు, అది రావడానికి టైము పడుతుంది. పోలీసు క్లియరెన్సు పాస్‌పోర్టు సేవా కేంద్రంలో తీసుకోవాలి, రుసుము 500. అది పాతబడితే ఒప్పుకోరు, మరీ ముందు తీసుకోకు. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళని చాలా బడులు టోయిక్ (TOEIC) అనే ఇంగ్లీషు పరీక్షలో 600 మార్కులు అడుగుతాయి, దానికి ఇప్పుడే కూర్చో. అసలు సర్టిఫికెట్లు ఎవరికీ వదిలిపెట్టకు. చూపించి వెనక్కి తీసుకుని, నకళ్ళ మీద సంతకం చేసి ఇవ్వు.

డబ్బు వడ్డీకి తేవద్దు. జీతం నెలాఖరుకి గానీ రాదు. ఇల్లు తీసుకుంటే ఒక నెల అద్దె ముందుగా, రెండు నెలలది డిపాజిట్టుగా అడుగుతారు. అంటే మూడు నెలల అద్దె, మొదటి నెల తిండి ఖర్చు చేతిలో ఉండాలి. నేనున్నాను, నన్నడుగు. మొహమాటపడి బయట చెయ్యి చాపావంటే మాత్రం ఊరుకోను. వెళ్ళాక ఇక్కడి సేవింగ్స్ ఖాతాని విదేశాల్లో ఉండేవాళ్ళ ఎన్నారో (NRO) ఖాతాగా మార్పించుకో, అక్కణ్ణుంచి పంపే డబ్బుకి ఎన్నార్‌ఈ (NRE) ఖాతా వేరే తెరువు.

అక్కడ కుదురుకున్నాక మరిచిపోకూడనివి రెండు. ప్రతి 90 రోజులకీ నీ చిరునామా ఇమిగ్రేషన్‌కి తెలియజెయ్యాలి. గడువుకి పదిహేను రోజుల ముందు నుంచి ఏడు రోజుల తరవాత దాకా ఇవ్వొచ్చు, మరిస్తే జరిమానా 2,000 బాత్‌లు. రెండోది ఇంకా ముఖ్యం. ఇంటికి వచ్చేముందు రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోకుండా విమానం ఎక్కితే వీసా అక్కడికక్కడే చచ్చిపోతుంది, మళ్ళీ మొదటి నుంచీ మొదలు. ఒకసారికి 1,000 బాత్‌లు, ఎన్నిసార్లయినా అంటే 3,800. ఎవరికో ఒంట్లో బాగోలేదని కబురొస్తే పరుగెత్తుకొచ్చే పిల్లవి నువ్వు. కాబట్టి పొడిగింపు రాగానే 3,800దే తీసుకుని ఉంచుకో.

పాఠం సంగతి. మన నాలుక మాట చివర అచ్చు తగిలిస్తుంది: బస్సు, బుక్కు. వాళ్ళ నాలుక చివరి హల్లుని కత్తిరిస్తుంది: బస్ అన్నా బత్‌లా వినపడుతుంది. నువ్వు అచ్చు తగిలించి చెప్తే వాళ్ళకి మాట చివర ఎక్కడుందో తెలియదు. రోజూ ఒక పేజీ చదివి ఫోనులో రికార్డు చేసుకుని మాటల చివర్లు మాత్రమే విను. వాళ్ళ భాషలో క్రియ కాలాన్నిబట్టి మారదు, బహువచనానికి చివర ఏదీ చేరదు. అందుకే రాసేటప్పుడు ఎస్సులూ ఈడీలూ ఎగిరిపోతాయి. వ్యాకరణం పట్టిక బోర్డు మీద వేస్తే లాభం లేదు, సగం తరగతి అడగాలి, సగం తరగతి జవాబు చెప్పాలి, తరవాత తిరగెయ్యాలి. ఒక్కో గదిలో నలభైమంది దాటుతారు. తప్పొస్తుందన్న సిగ్గుతో నోరు విప్పరు, కాబట్టి ఒక్క పిల్లాణ్ణి లేపి అడక్కు. ముందు పక్కవాళ్ళతో చెప్పుకోనీ, ఆ తరవాత లేపు. ముద్దొచ్చినా తల నిమరకు, అక్కడ తల ముట్టుకోవడం పెద్ద తప్పు. ఉదయం 8 గంటలకి జెండా ఎగరేసేటప్పుడు పిల్లలతోపాటు నిలబడు. రాజుగారి కుటుంబం గురించి నోటితో గానీ ఫోనులో గానీ ఒక్క మాట వద్దు. ఆ నేరానికి మూడు నుంచి పదిహేనేళ్ళ జైలు.

కూరలో వేసేది ఉప్పు కాదు, చేపల పులుసునీళ్ళు. శాకాహారం రోజుల్లో ముందే చెప్పి వండించుకో. సంక్రాంతికి రావడానికి వీలుపడదు, రెండో టర్ము నవంబరు నుంచి మార్చి దాకా. కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం నుంచి మీ నాన్న వీడియో కాల్ చేస్తాడులే, ఏడవకు. మార్చిలో సెలవులివ్వగానే వచ్చెయ్యి, ఆవకాయ ముక్కలు కొట్టే రోజులకి ఇంట్లో ఉంటావు.

ఒప్పందం ఇంకా సంతకం చెయ్యలేదని మీ అమ్మ అంది, బతికించావు. చేసేముందు నాకు పంపు. పది నెలల ఒప్పందమా, పన్నెండు నెలలదా? పదైతే ఎండాకాలం జీతం ఉండదు. వీసా, వర్క్ పర్మిట్ ఖర్చు ఎవరిది? మధ్యలో మానితే ఏం కట్టాలి? జీతం ఇచ్చేది బడా, ఏజెన్సీయా? తేదీల్లో సంవత్సరం 2569 అనో 2570 అనో ఉంటే కంగారుపడకు, అది వాళ్ళ బౌద్ధ శకం, 543 తీసెయ్యి. థాయి భాషలో మాత్రమే ఉన్న పేజీ ఏదైనా ఉంటే ఇంగ్లీషు ప్రతి వచ్చేదాకా కలం పట్టకు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ