నిరాశపరిచిన సిరీస్ గురించి మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి అమ్మలూకి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోన్‌లో "మామయ్యా, పన్నెండు ఎపిసోడ్లూ అయిపోయాయి, ఏమీ జరగలేదు" అన్నప్పుడు నీ గొంతులో కోపం కన్నా దిగులే ఎక్కువ వినిపించింది. 'ఫార్మింగ్ లైఫ్ ఇన్ అనదర్ వరల్డ్' అనే ఆ సిరీస్ చూడటానికి పరీక్షలు అయ్యేదాకా ఆగావని నాకు తెలుసు. అందుకే రెండు మాటలతో సరిపెట్టకుండా ఈ ఉత్తరం రాస్తున్నాను. 2004లో మన దేశంలో ఆనిమాక్స్ ఛానల్ మొదలైనప్పటి నుంచీ అనిమే, అంటే జపాన్ వాళ్ల యానిమేషన్ కథలు, చూస్తున్నవాణ్ణి. ఎంతో ఆశపడి చూసి, చివరికి ఉసూరుమన్నవి నాకూ చాలానే ఉన్నాయి.

ముందు ఒక పని చెయ్యి. ఆ సిరీస్ గురించి అప్పుడే ఎవరికీ చెప్పకు, ఎక్కడా రాయకు. ఒక కాగితం తీసుకుని, నీ మనసు ఏ ఎపిసోడ్‌లో, ఏ చోట పక్కకి పోయిందో రాసుకో. "బాగాలేదు" అని ఒక్క ముక్కలో తేల్చకు. నీకు తెలియకుండానే చెయ్యి ఫోన్ మీదకి పోయిన చోటేదో గుర్తు తెచ్చుకో. చాలాసార్లు మనం సిరీస్ మొత్తాన్నీ తిడతాం గానీ, మనసు విరిగింది ఒకటి రెండు చోట్లే అయి ఉంటుంది.

'ఫార్మింగ్ లైఫ్ ఇన్ అనదర్ వరల్డ్' 2023 జనవరిలో జపాన్‌లో మొదలైనప్పుడు నేను కూడా ఇలాగే రాసుకున్నాను. మొదటి ఎపిసోడ్ నాకు చాలా నచ్చింది. హిరాకు అనే మనిషి జబ్బుతో చనిపోయి, దేవుడి దయ వల్ల కొత్త ఒంటితో వేరే లోకంలో, ఒక మహారణ్యం నడుమ కళ్లు తెరుస్తాడు. ఒంటరివాడు. చెట్లు కొడతాడు, నేల తవ్వుతాడు. నిండు చూలుతో ఉన్న తోడేలూ దాని జతా వచ్చి అతని దగ్గరే ఉండిపోతాయి. ఒక పెద్ద సాలీడు వచ్చి బట్టలు కుట్టిపెడుతుంది. ఆ నిశ్శబ్దం, ఆ ఒంటరితనం, ఒక్కో ప్రాణీ తోడు చేరడం, అదంతా మంచి కథకి పునాది. ఆ తర్వాత రక్తపిశాచి అమ్మాయి, దేవదూత, ఎల్ఫ్‌లు, డ్రాగన్లు వరసగా వచ్చి ఊళ్లో చేరిపోతూ ఉంటారు. వచ్చినవాళ్ల పేరు గుర్తుపెట్టుకునేలోపే ఇంకొకరు. నా కాగితం మీద "ఇక్కడి నుంచి మనుషుల లెక్కే మిగిలింది, మనుషులు మిగల్లేదు" అని ఉంది. నువ్వు "ఏమీ జరగలేదు" అన్నది కూడా దీని గురించే అనుకుంటా. జరగక కాదమ్మా, జరిగినదాని బరువు ఎవరి మీదా పడలేదు.

రెండోది, సేద్యం. నువ్వు వరి పండించే ఇంట్లో పుట్టినదానివి. కాలవకి నీళ్లు ఎప్పుడు వదులుతారా అని ఎదురుచూడటం, నారుమడి, నాట్లకి మనుషులు దొరక్క ఊరూరా తిరగడం, కలుపు, చేను పొట్ట మీద ఉండగా తుపాను కబురు, ఇవన్నీ నీకు తెలుసు. హిరాకుకి దేవుడిచ్చిన పనిముట్టు కావాలంటే పార అవుతుంది, గొడ్డలి అవుతుంది, రంపం అవుతుంది. ఏ పంట కావాలో మనసులో అనుకుని తవ్వితే విత్తనం లేకుండానే మొలకెత్తుతుంది. ఎంత తవ్వినా అలసట రాదు. రైతు బిడ్డకి ఇందులో రైతు కనపడకపోవడం న్యాయమే. ఆ నిరాశకి సిగ్గుపడకు.

కానీ పేరు చూడు. జపాన్ భాషలో 'ఇసెకై నోన్బిరి నోకా'. ఇసెకై అంటే వేరే లోకం, నోకా అంటే రైతు, నోన్బిరి అంటే తీరుబడిగా, తొందర లేకుండా అని. ఆ కథ పంట కష్టం చూపిస్తానని ఎప్పుడూ మాట ఇవ్వలేదు, విశ్రాంతి చూపిస్తానంది. ఈ తేడా నాకు మీ అత్తయ్య వల్ల అర్థమైంది.

పోయినేడు తనకి మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆరు వారాలు మంచం మీదే ఉంది. ఏదో ఒకటి పెట్టమంటే ఇదే పెట్టాను. ఎంతసేపు తవ్వినా ఒళ్లు నొప్పి పుట్టడం లేదని హిరాకు గమనించే చోటు వచ్చినప్పుడు కళ్లు తుడుచుకుంది. "ఆస్పత్రి మంచం మీద పోయినవాడికి ఇంతకన్నా వరం ఏముంటుందండీ" అంది. నేను లోపం అనుకున్నదే తనకి కథ మొత్తం. అప్పటిదాకా ఆ పనిముట్టు రచయిత బద్ధకం అనుకున్నాను. ఇప్పుడలా అనలేను. తర్వాత ఎపిసోడ్లలో జనం కిక్కిరిసిపోవడం మాత్రం ఇప్పటికీ లోపమే అంటాను, ఆ మాట తనతోనూ అన్నాను.

ఇలాంటి కథలు ఎక్కడి నుంచి వస్తాయో తెలిస్తే తర్వాతిది ఎంచుకోవడం నీకు తేలికవుతుంది. ఇది మొదట 'షోసెట్సుకా ని నారో' అనే జపాన్ వెబ్‌సైట్‌లో చిన్న చిన్న భాగాలుగా వచ్చింది. ఎవరైనా రాసి పెట్టుకోగల చోటు అది. వేరే లోకపు కథలు అక్కడ ఎంతగా పెరిగాయంటే, 2016లో వాటికి విడిగా ర్యాంకింగ్ పెట్టాల్సి వచ్చింది. పని నుంచి ఇంటికి వెళ్తూ రైల్లో రెండు పేజీలు చదువుకునేవాళ్లకి టెన్షన్ లేని కథ హాయిగా ఉంటుంది. రోజుకో చిన్న ముక్కగా చదివితే కొత్తవాళ్లు రావడం బాగానే ఉంటుంది. అవే ముక్కల్ని ఎపిసోడ్‌కి ఇరవై నాలుగు నిమిషాల చొప్పున పన్నెండు ఎపిసోడ్లలో కూరితే, అన్నీ రాకలే అయిపోతాయి. పైగా ఆ కథే తర్వాత నవలలుగా అచ్చయి పదిహేను సంపుటాలు దాటింది. మూడు నెలల ప్రసారంలో వచ్చేది మొదటి కొంతే, ముగింపు కోసం చూడకూడదు.

నువ్వు చూసిన తీరు కూడా ఒకసారి ఆలోచించుకో. పన్నెండూ రెండు రోజుల్లో చూశానన్నావు. వారానికి ఒకటి చొప్పున ప్రసారమైన కథ అది. ఇలాంటివి పడుకోబోయే ముందు రోజుకి ఒకటే చూడు. అలా చూసినా నాలుగో రోజుకి మర్నాటి ఎపిసోడ్ గుర్తు రాకపోతే, మొహమాటం లేకుండా ఆపెయ్. మొదలుపెట్టాం కదా అని పూర్తిచెయ్యకు. మూడు ఎపిసోడ్లు చూసి నచ్చకపోతే ఆపెయ్యాలని మీరంతా అంటారు కదా, నెమ్మదైన కథలకి నేను నాలుగు ఇస్తాను, అంతకు మించి ఇవ్వను.

ఈ కోవ మొత్తం మీద విసుగు తెచ్చుకోకు. నీకు కావలసింది పని బరువు తెలిసే కథ అయితే 'అసెండెన్స్ ఆఫ్ ఎ బుక్‌వార్మ్' చూడు. 2019 అక్టోబరులో మొదలైంది, మొదటి సీజన్ పద్నాలుగు ఎపిసోడ్లు. పుస్తకాల పిచ్చి ఉన్న అమ్మాయి చనిపోయి, ఒక సైనికుడి ఇంట్లో ఒంట్లో శక్తి లేని ఐదేళ్ల పిల్లగా కళ్లు తెరుస్తుంది. పుస్తకం కొనే స్థోమత లేదు కాబట్టి తనే చేసుకుందామనుకుంటుంది. గడ్డి పీచుతో అల్లబోతే చేతకాదు. మట్టి పలకలు చేస్తే ఒకసారి పిల్లలు తొక్కేస్తారు, ఇంకోసారి కాల్చేటప్పుడు పగిలిపోతాయి. చెక్క ముక్కలు పేర్చుకుంటే అమ్మ వంటచెరుకు అనుకుని పొయ్యిలో పెట్టేస్తుంది. ఆ అమ్మ మీద మనకి కోపం రాదు, ఆ ఇంటి పేదరికం అలాంటిది. లుట్జ్ అనే కుర్రాడి సాయంతో చివరికి కాగితం తయారైనప్పుడు నేను మంచం మీద లేచి కూర్చున్నాను. బొమ్మలు మరీ గొప్పగా ఉండవు, కథ నెమ్మది, అది ముందే చెబుతున్నా. దీన్ని కూడా ఒకేసారి కూర్చుని మొత్తం చూసెయ్యకు.

ఇంకొక్కటి. నీ రూమ్మేట్‌కి హిరాకు కథ చాలా ఇష్టమని, నువ్వు "టైమ్ వేస్ట్" అంటే మొహం మాడ్చుకుందని చెప్పావు. రాత్రి డ్యూటీ చేసి పొద్దున్నే గదికి వచ్చే పిల్ల కదా. ఆ కాగితం మీద రాసుకున్నది తనతో చెప్పు. నీకు ఎక్కడ నచ్చలేదో చెప్పి, తనకి ఎక్కడ నచ్చిందో అడుగు. అడిగాక మధ్యలో అడ్డుపడకుండా విను. మీ అత్తయ్యని నేను అలా అడగకపోయి ఉంటే ఈ ఉత్తరంలో సగం ఉండేది కాదు.

దసరాకి తప్పకుండా రా. అప్పటికి చేను పొట్ట మీద ఉంటుంది. రాత్రి భోజనాలయ్యాక మట్టి పలకల ఎపిసోడ్ ముగ్గురం కలిసి చూద్దాం, అత్తయ్య ఇంకా చూడలేదు. వచ్చేటప్పుడు నీ కాగితం తీసుకురా, నాది దాచి ఉంచాను.

ఇట్లు,
మీ మామయ్య