బడితెపూజకు మార్కులు కొయ్యొచ్చా?

సందేహం: అయ్యా, నమస్కారం. నేను కావలి దగ్గర హైస్కూల్లో తెలుగు టీచర్ని. గురుపూర్ణిమకి పిల్లలకు ‘నాకు నచ్చిన గురువు’ అని వ్యాసరచన పోటీ పెట్టాం. పదో తరగతి అమ్మాయి ఒకరు రమణ మహర్షి ఆశ్రమంలో దొంగలు పడిన కథ ఎంచుకుని ఇలా రాసింది: ‘దొంగలు మహర్షికి బడితె పూజ చేశారు. అయినా ఆయన సాహసం చూపించి వాళ్లకు క్షమాపణ ఇచ్చారు.’ నేను బడితె పూజ, సాహసం, క్షమాపణ ఈ మూడింటి కిందా ఎర్ర గీత గీసి మూడు మార్కులు తీసేశాను. మర్నాడు వాళ్ల తాతగారు బడికొచ్చి, ‘మా పాప రాసినదాన్లో తప్పేముండాదమ్మా?’ అని అడిగారు. స్టాఫ్ రూమ్‌లో ఒకరు ‘క్షమాపణ చెప్పారు’ అనాలన్నారు, ఇంకొకరు ‘క్షమాపణ కోరారు’ అనాలన్నారు. ఆ రెండూ నాకు రుచించలేదు. మీరు తేల్చండి.

సమాధానం: అమ్మా, స్టాఫ్ రూమ్ వాళ్లిద్దరి మాటా వింటే కొంప మునిగేది. దెబ్బలు తిన్న మహర్షే దొంగలను క్షమించమని అడిగినట్టు అయ్యేది. మీకు రుచించకపోవడం న్యాయమే.

ముందు ఈ క్షమాపణ సంగతి చూద్దాం. మీరు అధ్యాపకురాలు కాబట్టి మీ ఉద్యోగంతోనే చెబుతాను. అధ్యయనం అంటే చదువుకోవడం. అధ్యాపనం అంటే చదివించడం. మధ్యలో వచ్చిన ఆ ‘ప’ ప్రేరణార్థకం, అంటే ఒకరిచేత ఆ పని చేయించడం. స్థాపన అంటే నిలబెట్టడం, జ్ఞాపన అంటే తెలియజేయడం. క్షమాపణ కూడా ఆ వరసలోదే. క్షమ అంటే ఓర్చుకోవడం అయితే, క్షమాపణ అంటే ఎదుటివాడు ఓర్చుకునేట్టు చేసుకోవడం. తప్పు చేసినవాడు చేయాల్సిన పని అది. శంకరాచార్యుల పేరున ఉన్న శివాపరాధ క్షమాపణ స్తోత్రం చూడండి, అందులో అడిగేది భక్తుడు, క్షమించాల్సింది శివుడు. స్తోత్రం మొత్తం ‘క్షంతవ్యో మేఽపరాధః’ అని భక్తుడే మొత్తుకుంటాడు. శివుడు క్షమాపణ ‘ఇవ్వడం’ ఎక్కడా లేదు.

కాబట్టి క్షమాపణ ఇచ్చేది కాదు, చెప్పుకునేది. ఇచ్చేది క్షమ. ఖైదీకి రాష్ట్రపతి ఇచ్చేదాన్ని క్షమాభిక్ష అంటున్నాం. మామూలు మనుషుల మధ్య ‘క్షమించారు’ అంటే సరిపోతుంది, ‘ఇచ్చారు’ అని తోక తగిలించనక్కర్లేదు.

‘క్షమాపణ కోరారు’ అన్నది మరీ తమాషా. క్షమాపణలోనే అడగడం ఉంది కదా, మళ్లీ కోరడమేమిటి? పేపర్లో ‘ఘటనపై క్షమాపణ కోరిన నాయకుడు’ అని హెడ్డింగ్ ఉంటే, ఆయన తప్పు ఒప్పుకున్నాడా, ఎదుటివాణ్ణి ఒప్పుకోమన్నాడా అన్నది కింద నాలుగు లైన్లు చదివితేగాని తెలియదు. కానీ ఈ వాడుక ఇప్పుడు ఎంత బలపడిందంటే, తప్పని నేను గీత గీస్తే నా పెన్నులో సిరా అయిపోతుందిగానీ అది పోదు. కొందరు ‘క్షమార్పణ’ అని కూడా రాస్తున్నారు. అది పూర్తిగా పొరపాటు. క్షమ, అర్పణ కలిస్తే క్షమను సమర్పించడం అవుతుంది. చిత్రమేమంటే, మీ విద్యార్థిని చెప్పదలచుకున్నది సరిగ్గా అదే! పొరపాటు మాట ఆ పాపకి తెలిసుంటే బతికిపోయేది.

ఇంతకీ మన ఇళ్లల్లో ‘నేను నిన్ను క్షమిస్తున్నాను’ అని ఎవరైనా అనగా విన్నారా? టీవీ సీరియల్లో తప్ప నేను వినలేదు. మొన్న పొద్దున నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఒక కుర్రాడు బైకు మీద వస్తూ, సైకిలు మీద పోతున్న పాల తాతను తగిలాడు. క్యాను దొర్లి పాలన్నీ రోడ్డు పాలు. కుర్రాడు లేచి ప్యాంటు దులుపుకోకుండానే ‘తాతా, ఏమనుకోబాక’ అన్నాడు. తాత క్యాను నిలబెట్టి, మూత వెతుక్కుంటూ, ‘పోనీలేరా, మోకాలు చూసుకో, రక్తం వస్తా ఉండాది’ అన్నాడు. మన జిల్లాలో క్షమాపణకి తెలుగు ‘ఏమనుకోబాక’. క్షమకి తెలుగు ‘పోనీలే’. ఒంగోలు దాకా ఈ ‘బాక’ వినిపిస్తుంది. వ్యాసంలో రాస్తే మీరు గీత గీస్తారు, అది వేరే సంగతి.

మన్నించడం అనొచ్చా అంటే, హాయిగా అనొచ్చు. కానీ ఆ మాటకి మొదటి అర్థం గౌరవించడం, ఆదరించడం. మన్నన అందులోదే. ‘పెద్దల మాట మన్నించాడు’ అంటే తప్పు క్షమించాడని కాదు కదా, ఆ మాటకి విలువిచ్చాడని. తప్పు మన్నించడంలో కూడా ఆ మర్యాద నీడలా ఉంటుంది. తమిళంలో క్షమించడానికి ఇదే మాట వాడతారు. మహర్షి ఆశ్రమం ఉన్న తిరువణ్ణామలైలో, అంటే మన అరుణాచలంలో, ఎవరి కాలైనా తొక్కితే ‘మన్నిచ్చుక్కోంగ’ అంటారు. పౌర్ణమికి నెల్లూరు నుంచి అరుణాచలం బస్సెక్కే మనవాళ్లకి పధ్నాలుగు కిలోమీటర్ల గిరి ప్రదక్షిణలో ఈ మాట నాలుగైదు సార్లైనా చెవిన పడుతుంది.

ఇక సాహసం. దీనికి మార్కు తీయడం నాకు సబబుగానే తోచింది. అయితే మీరు ఏ కారణంతో తీశారో రాయలేదు. నా కారణం చెబుతాను. అందుకు ఆ రాత్రి ఏం జరిగిందో కాస్త చూడాలి.

1924 జూన్ 26, రాత్రి పదకొండున్నర ప్రాంతం. తల్లి సమాధి దగ్గర ఆశ్రమం మొదలై అప్పటికి రెండేళ్లు నిండలేదు. ఉన్నవి పాకలు. మహర్షికి 44 ఏళ్లు. ఆశ్రమంలో డబ్బుందనుకుని దొంగలు వచ్చి కిటికీ పగలగొట్టారు. మహర్షి, తలుపు తీస్తాం, కావలసింది తీసుకుపొండి అన్నారు. కరుప్పన్ అనే కుక్కను కొడతారేమోనని ముందు దాన్ని వేరే పాకకి చేర్పించారు. లోపలివాళ్లు ఒక్కొక్కరే బయటికి వస్తుంటే దొంగలు గుమ్మం దగ్గర నిలబడి కర్రలతో బాదారు. మహర్షికి ఎడమ తొడ మీద పడింది. ఇంకా తృప్తి తీరకపోతే రెండో కాలి మీద కూడా కొట్టండి అన్నారాయన. రామకృష్ణస్వామి అనే శిష్యుడు ఇనుప కడ్డీ పట్టుకుని లేస్తే ఆపారు. వాళ్ల ధర్మం వాళ్లు చేస్తున్నారు, సాధువులం మన ధర్మం మనం విడవకూడదన్నారు. పళ్లు నాలుకను కొరికితే పళ్లు ఊడగొట్టుకుంటామా అని అడిగారు. దొంగలు వెలుగు కావాలంటే లాంతరు ఇప్పించారు. ఇంత చేసి వాళ్లకి దొరికింది విగ్రహాల అలంకారానికి పెట్టిన వెండి ముక్కలు, కాసిని మామిడిపళ్లు, బియ్యం, కొంచెం డబ్బు. అంతా కలిపి పది రూపాయలు. కొన్నాళ్లకి దొంగలు దొరికారు, జైలుకూ పోయారు.

ఇప్పుడు మాటకొద్దాం. సహస్సు అంటే బలం, బలాత్కారం. దానిలోంచి వచ్చింది సాహసం. పాత ధర్మశాస్త్రాల్లో అది మెచ్చుకోలు మాట కానే కాదు, నేరం పేరు. సొత్తుగలవాడు ఎదురుగా ఉండగానే బలవంతంగా లాక్కుంటే సాహసం, చూడకుండా ఎత్తుకుపోతే స్తేయం, అంటే దొంగతనం, అని మనుస్మృతి విడదీసింది. జరిమానాల శ్లాబులకి కూడా ఇదే పేరు: 250 పణాలు (పణం అప్పటి నాణెం) ప్రథమ సాహసం, 500 మధ్యమం, వెయ్యి ఉత్తమం. ఆ లెక్కన 1924లో ఆ పాకలో సాహసం చేసినవాళ్లు దొంగలు! తరవాత తరవాత ఆ మాటలో నేరం కరిగిపోయి తెగువ ఒక్కటే మిగిలింది. ఇప్పుడు సాహసం అంటే మంచిమాటే. పర్వతం ఎక్కినవాడిదీ సాహసమే, అప్పు చేసి రొయ్యల చెరువు తవ్వినవాడిదీ సాహసమే. అయినా దానిలో ముందుకి దూకడం అనే భావం పోలేదు. మహర్షి దేనిమీదకీ దూకలేదు.

ఆయనది ధైర్యం. ధీరుడి గుణం ధైర్యం. చలించడానికి కారణం కళ్ల ఎదుట ఉన్నా ఎవరి మనసు చలించదో వాళ్లే ధీరులని కాళిదాసు నిర్వచనం. సంస్కృతం అక్కర్లేదు, మన ఇంట్లోనే పరీక్ష ఉంది. ఆపరేషన్‌కి లోపలికి తీసుకుపోతుంటే స్ట్రెచర్ పక్కన నడుస్తూ ‘ధైర్యంగా ఉండమ్మా’ అంటాం. ‘సాహసంగా ఉండమ్మా’ అంటామా? అన్నామంటే ఆవిడ స్ట్రెచర్ దిగి పారిపోయే ప్రమాదముంది. టెన్షన్ పడేవాళ్లకి ధైర్యం చెబుతాం, సాహసం ఎవరూ చెప్పరు. అచ్చతెలుగులో కావాలంటే నిబ్బరం ఉంది, గుండె దిటవు ఉంది. దిటవును ఈమధ్య మరిచిపోతున్నాం, పిల్లలకి నేర్పండి.

ఇక్కడ మీరు అడగనిది ఒకటి చెప్పాలి. ధైర్యం ఒక గుణం, క్షమ ఇంకో గుణం, మహర్షికి రెండూ ఉన్నాయని వ్యాసాల్లో రాయిస్తాం. భాష అలా వేరుచేయలేదు. క్షమ్ అనే ధాతువుకి ఓర్చుకోవడం ఎంత అర్థమో, చేయగలగడం అంత అర్థం. సామర్థ్యాన్ని క్షమత అంటాం. చేతకానివాణ్ణి అక్షముడంటాం. కావ్యాల్లో ‘రక్షణ క్షముడు’ అంటే రక్షించి క్షమాపణ చెప్పేవాడు కాదు, రక్షించగలవాడు. తెలుగువైపు వస్తే మన ‘ఓర్చు’ ఇంకా వింత. దానికి సహించడం ఒక అర్థం. పాత కావ్యభాషలో జయించడం రెండో అర్థం. యుద్ధంలో శత్రువుల ‘నోర్చి’ (శత్రువులను ఓర్చి) అని ఉంటే, వాళ్లని భరించి అని కాదు, ఓడించి అని. సంస్కృతానికీ తెలుగుకీ చుట్టరికం లేదు. అయినా రెండుచోట్లా ఓపికా బలమూ ఒకే మాటలో ఇమిడాయి. దీన్ని మొదటిసారి గమనించినప్పుడు ఆ రోజంతా నాకు వేరే పని సాగలేదు.

క్షమ అంటే భూమి అని కూడా అర్థముంది. తవ్వినా తొక్కినా పడి ఉంటుందని. దాన్ని పట్టుకుని ‘క్షమయా ధరిత్రీ’ అని భార్య లక్షణాల్లో చేర్చారు పెద్దలు. భర్తలు కూడా దాన్ని పట్టుకుని ఉంటే లోకానికి కాస్త సాయం జరిగేది. అది పోనీండి.

ఆఖరిది బడితెపూజ. మీకు ఇది అపచారంగా తోచి ఉంటుంది. మహర్షికి బడితెపూజ ఏమిటి, నోరు కడుక్కోవాలి అన్నట్టు. మామూలుగా అయితే నేనూ మీ పక్షమే. ఈ మాట వాడితే దెబ్బలు తిన్నవాడికి తగిన శాస్తి జరిగిందన్న ధ్వని వస్తుంది. దేహశుద్ధి కూడా అంతే. పవిత్రమైన మాటలు తీసుకెళ్లి లాఠీకి కట్టడం మనకి సరదా. చిల్లర దొంగకి చేస్తారు బడితెపూజ, గురువుకి కాదు.

కానీ ఈ కథలో ఒక మెలిక ఉంది. దొంగలు పోయాక మహర్షి తనకీ మంచి పూజే జరిగిందన్నారు. ఆయన అన్నది తమిళంలో, పూసై అని. ఆ మాటకి తమిళంలో దేవుడికి చేసే పూజ ఒక అర్థం, దెబ్బలు ఇంకో అర్థం. తొడ మీద బెత్తెడు వాత తేలి ఉండగా ఆయన శ్లేష వేశారు! ఇంగ్లీషులో ఈ కథ రాసినవాళ్లు ఈ శ్లేష దగ్గరికొచ్చేసరికి అర్థం విడమరచి చెప్పుకోవాల్సి వచ్చింది. తెలుగులో ఆ బెడద లేదు. బడితెపూజ అంటే చాలు, శ్లేష చెక్కుచెదరకుండా దిగిపోతుంది. మహర్షికి తెలుగు బాగా వచ్చు, తెలుగులో రచన కూడా చేశారు. ఈ మాట ఆయన వినే ఉంటారని నా నమ్మకం.

మీ అమ్మాయి ఈ శ్లేష తెలిసి రాసిందో, ఇంట్లో తాతగారు కథ చెప్పేటప్పుడు అలా అంటే విని రాసిందో నాకు తెలియదు. అడిగి చూడండి. తెలిసి రాసి ఉంటే మార్కు తిరిగివ్వడమే కాదు, ఒకటి ఎక్కువ వేయండి. తెలియక రాసినా తీయొద్దు. సాహసానికి ఒక మార్కు తీసింది తీసినట్టే ఉంచండి. క్షమాపణకి అర మార్కు చాలు, పేపర్లవాళ్లకే రానిది పదో తరగతి పిల్లకి రాలేదని పూర్తి మార్కు కొయ్యడం అన్యాయం.

మీరు గమనించని తప్పు ఇంకొకటుంది. ఆ పిల్ల ‘బడితె పూజ’ అని విడగొట్టి రాసింది. మీరూ ఉత్తరంలో అలాగే రాశారు. బడితెతో పూజ, బడితెపూజ: తృతీయా తత్పురుషం. బడితె తెలుగు, పూజ సంస్కృతం, కాబట్టి మిశ్ర సమాసం. కలిపి రాయాలి.