బీపీ మాత్ర వేసుకునేవాళ్లు సౌనాకు వెళ్లొచ్చా?

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర రోజూ పొద్దున వేసుకుంటాను. షుగరు, గుండె జబ్బు లేవు. హెల్సింకీలో మా అబ్బాయి దగ్గరికి వచ్చాను. మొన్న పబ్లిక్ సౌనాకు (మెట్ల మీద కూర్చుని చెమట పట్టించుకునే వేడి గదికి) తీసుకెళ్లాడు. పై మెట్టు మీద పావుగంట కూర్చుని లేవగానే కళ్లు తిరిగాయి. మళ్లీ వెళ్లొచ్చా? ఆ రోజుకి మాత్ర మానేస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: మాత్ర మాత్రం మానొద్దు. సౌనాలో వేడి 80 నుంచి 100 డిగ్రీల దాకా ఉంటుంది. ఆ వేడికి చర్మం కింది రక్తనాళాలు వెడల్పవుతాయి, చెమట ధారగా కారుతుంది. మీ మాత్ర చేసేదీ ఇంచుమించు ఇదే. అందులో ఒక మందు రక్తనాళాలను సడలిస్తుంది, రెండోది ఒంట్లోని ఉప్పును, నీటిని మూత్రంలో పంపేస్తుంది. వేడి, మాత్ర రెండూ కలిసినప్పుడు చటుక్కున లేస్తే రక్తం కాళ్లలోకి దిగి, మెదడుకు కాసేపు చాలదు. మీకు జరిగింది బహుశా ఇదే.

బీపీ అదుపులో ఉంటే వెళ్లొచ్చు. సౌనా గుండెకు మంచిదని మీ అబ్బాయి చెప్పే ఉంటాడు. ఫిన్లాండ్‌లో దాదాపు 2,300 మంది మగవాళ్లను 20 ఏళ్లపాటు గమనించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, వారానికి నాలుగు నుంచి ఏడుసార్లు వెళ్లేవాళ్లలో గుండె జబ్బు మరణాలు తక్కువగా కనిపించాయి. కానీ వాళ్లు పుట్టినప్పటి నుంచి అలవాటున్నవాళ్లు. పైగా ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఎక్కువసార్లు వెళ్లారేమో!

ఈసారి తలుపు దగ్గర, కింది మెట్టు మీద కూర్చోండి. వేడంతా పైనే ఉంటుంది. పబ్లిక్ సౌనాలో ఇంకో ఇబ్బంది, పొయ్యి మీది వేడి రాళ్లపై నీళ్లు పోసేది మీరు కాదు. ఎవరో గరిటెడు పోస్తారు, ఆవిరి గుప్పున కమ్ముతుంది. మొహమాటపడకుండా బయటికి వచ్చేయండి. మొదట్లో ఐదారు నిమిషాలు చాలు. లేచే ముందు ఒక నిమిషం కాళ్లు ఆడించి, ఏదైనా పట్టుకుని లేవండి.

హెల్సింకీలో సముద్రం ఒడ్డున ఉన్న లోయ్లు అనే పబ్లిక్ సౌనా లాంటి చోట సౌనాలోంచి నేరుగా చల్లటి సముద్రంలోకి దిగుతారు. మీరు ఆ సరదా మానుకోండి. చన్నీళ్లలో రక్తనాళాలు ఒక్కసారిగా ముడుచుకుని బీపీ ఎగబాకుతుంది. గోరువెచ్చని షవర్ చాలు. బీరు వద్దు. ముందూ వెనకా మంచినీళ్లు తాగండి.

వెళ్లే ముందు ఇంట్లో కూర్చుని ఒకసారి, నిలబడ్డ మూడు నిమిషాలకు ఒకసారి బీపీ చూసుకోండి. పై అంకె 20 లేదా అంతకన్నా ఎక్కువ తగ్గితే సౌనా సంగతి తర్వాత, ముందు మీ డాక్టరుకు చెప్పి మాత్ర డోసు చూపించుకోండి. ఛాతీలో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా వెంటనే 112కు ఫోన్ చేయించండి.