సింగ్ నగర్, పాయకాపురం వైపు ఇల్లు కొనొచ్చా? వరద మళ్లీ వస్తుందా?

"కృష్ణకి రిటైనింగ్ వాల్ కట్టేశారు, ఇక బెజవాడకి వరద భయం లేదు" అని బ్రోకర్ చెబుతున్నాడు, నమ్మొచ్చా అని అడిగారు కదా. గోడ కట్టిన మాట నిజమే. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినా నది ఒడ్డునే ఉన్న కృష్ణలంక గట్టెక్కిందంటే ఆ గోడ పుణ్యమే. మీరు చూస్తున్న ఇంటికి మాత్రం దానితో పని లేదండీ. మా వైపు ముంచేది బుడమేరు.

మైలవరం వైపు కొండల్లోంచి వచ్చి కొల్లేట్లో కలిసే వాగు అది. ఎండాకాలంలో చూస్తే మురుక్కాలవ అనుకుంటారు. వరద ఊరి మీద పడకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ పెట్టి, డైవర్షన్ కాలువ తవ్వి, బ్యారేజీకి ఎగువన కృష్ణలోకి మళ్లించారు. చిక్కంతా అక్కడే. కృష్ణ నిండుగా ఉన్నప్పుడే బుడమేరూ పొంగిందనుకోండి, కాలువ నీళ్లు నదిలోకి దిగవు, వెనక్కి ఎగదన్నుతాయి. 2024లో కాలువ కట్టకి మూడు గండ్లు పడ్డాయి. ఆ నీళ్లు పాత దారి పట్టుకుని సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, పాయకాపురం మీద పడ్డాయి. ఆర్మీ వచ్చి చివరి గండి పూడ్చేసరికి సెప్టెంబరు 7. 2005లోనూ ఇదే బుడమేరు ముంచింది. కాబట్టి మళ్లీ రాదని ఎవరు చెప్పినా నమ్మకండి.

మాది సింగ్ నగర్ లోపలి వీధి, కింది వాటా. 2024 సెప్టెంబరు 1, ఆదివారం, ముందు డ్రైనేజీ మూతల్లోంచి నీళ్లు తన్నాయి. టీవీ, బియ్యం డ్రమ్ము మంచం మీదకి ఎక్కించేలోపే మోకాళ్ల దాకా వచ్చేశాయి. కాసేపటికి మంచమే మునిగింది, ఫ్రిజ్ వెల్లకిలా తేలింది. పై వాటావాళ్లు వాళ్ల హాల్లో చోటిచ్చారు కాబట్టి సరిపోయింది. నీళ్లు తీశాక చూస్తే ప్లైవుడ్ అల్మారాలు అప్పడాల్లా ఉబ్బిపోయి తలుపులు ఊడి రాలేదు, గొడ్డలితో కొట్టాల్సి వచ్చింది.

ఇల్లు చూడటానికెళ్లినప్పుడు కొత్త రంగులు చూసి మురిసిపోకండి. రంగు వేయని చోట్లు చూడండి: మెట్ల కింద, ప్రహరీకి వెనక వైపు, సందులో. మరక అక్కడ ఇంకా ఉండొచ్చు. లేదంటే ఎదురింట్లో పాతకాపు ఎవరైనా ఉంటే "ఎందాకా వచ్చాయండీ?" అని అడగండి, చెయ్యి పెట్టి మరీ చూపిస్తారు. గేటు దగ్గర రోడ్డు ఎత్తా, ఇంటి గచ్చు ఎత్తా అన్నదీ చూసుకోండి. రోడ్డు వేసిన ప్రతిసారీ పాత ఇళ్లు పల్లంలోకి పోతుంటాయి. కరెంటు మీటరు, మోటారు స్టార్టర్ ఎంత ఎత్తులో ఉన్నాయో కూడా చూడండి.

నన్నడిగితే కింది వాటా ఎంత చౌకగా వచ్చినా వద్దు. పై అంతస్తయితే కొనుక్కోండి, కానీ నాలుగైదు రోజులు కరెంటూ తాగునీళ్లూ లేకుండా ఇరుక్కుపోయే పరిస్థితి రావచ్చని తెలిసే కొనండి. బేరంలో వరద సంగతి ఎత్తడానికి మొహమాటపడొద్దు.

కారుంటే ఇన్సూరెన్సులో ఇంజిన్ ప్రొటెక్షన్ కూడా వేయించుకోండి. నీళ్లలో మునిగిన బండిని మాత్రం పొరపాటున కూడా స్టార్ట్ చేయొద్దు, ఇంజిన్ పోతుంది, క్లెయిమూ తిప్పలవుతుంది. టోయింగ్ చేయించి షెడ్డుకి పంపండి.