రెండేళ్లలో ప్లాటు అవుతుందా?

ప్రశ్న: మాది హనుమకొండ. ప్రైవేటు స్కూల్లో టీచర్ని, జీతం 34 వేలు. మా ఆవిడకు టైలరింగ్‌లో 9 వేల దాకా వస్తాయి. లక్ష రూపాయల చిట్టీకి నెలకు 5 వేలు కడుతున్నాను, ఇంకా 11 వాయిదాలున్నాయి. పర్సనల్ లోన్ 62 వేలు మిగిలింది. వడ్డీ 20 శాతం, ఈఎంఐ 4,500. అన్నీ పోను 5 వేలు మిగలాలి, మిగలట్లేదు. మడికొండ వైపు 12 లక్షల్లో వంద గజాల ప్లాటు కొనాలని, ఆరేళ్ల పాప చదువుకు దాచాలని ప్రతి ఉగాదికీ అనుకుంటాం. చిట్టీ ఇప్పుడే ఎత్తి ప్లాటుకు అడ్వాన్స్ ఇచ్చేయనా?

జవాబు: ఇవ్వకండి. అగ్రిమెంటుకు సాధారణంగా రెండు మూడు నెలలే గడువు పెడతారు. ఆలోపు మిగతా 11 లక్షలు ఎక్కడి నుంచి తెస్తారు? తేలేకపోతే అడ్వాన్స్ మీద ఆశ వదులుకోవాల్సిందే. పైగా 12 లక్షలు ధర మాత్రమే. రిజిస్ట్రేషన్‌కు స్టాంపు డ్యూటీతో కలిపి 7.5 శాతం, అంటే ఆ ధరకే రాయించుకుంటే ఇంకో 90 వేలు.

మీరు రాసిన రెండూ మంచి కోరికలే. కానీ వాటికంటే ముందు తీరాల్సింది ఆ లోన్. 20 శాతం వడ్డీ కడుతూ, 7 శాతం కూడా రాని చోట దాచుకోవడం ఏం లాభం?

చిట్టీ ఇప్పుడు పాడితే పాటలో ఎంత వదులుకోవాలో మీకే తెలుసు. చివరిదాకా ఆగండి. 5 శాతం కమిషన్ పోయినా 95 వేలు చేతికొస్తాయి. అప్పటికి లోన్ 20 వేల చిల్లరకు దిగుతుంది. ఒకేసారి కట్టేయండి (ముందే మూసేస్తే ఛార్జీ ఎంతో అడిగి). మిగిలిన 70 వేల పైచిలుకు బ్యాంకులోనే ఉండనివ్వండి. వేసవిలో స్కూలు జీతం ఆపినా, సగమే ఇచ్చినా ఇల్లు గడవాలి కదా.

అప్పుడు ఈఎంఐ, చిట్టీ కలిపి నెలకు 9,500 ఖాళీ అవుతాయి. దానికి కింద చెప్పబోయే 2,500 కలిపి పోస్టాఫీసు ఆర్‌డీలో (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) 12 వేలు వేస్తే, 6.7 శాతం వడ్డీతో అయిదేళ్లకు 8 లక్షల 50 వేలు దాటుతుంది. అంటే ప్లాటు మాట ఇప్పటి నుంచి ఆరేళ్ల తర్వాతే, అదీ కొంత లోన్‌తో. రెండేళ్లలో అవుతుందని ఎవరైనా చెప్తే, వాళ్ల చేతిలో అమ్మాల్సిన ప్లాటు ఉందేమో చూడండి. ఎప్పుడు కొన్నా ‘కుడా’ (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి ఉన్న లేఅవుటే కొనండి. లేకపోతే బ్యాంకు లోన్ కష్టం.

పాప విషయం మాత్రం ఈ నెలే మొదలుపెట్టండి. సుకన్య సమృద్ధి ఖాతా పదేళ్లలోపే తెరవాలి. 2024 జనవరి నుంచి వడ్డీ 8.2 శాతం, మూడు నెలలకోసారి సమీక్షిస్తారు. నెలకు వెయ్యి వేయండి. పద్దెనిమిదేళ్లు నిండాక చదువుకు అంతకుముందు ఏడాది చివర ఉన్న నిల్వలో సగం వరకు తీసుకోవచ్చు. ఖాతా గడువు తెరిచిన రోజు నుంచి 21 ఏళ్లు, కాబట్టి మొత్తం ఇంజనీరింగ్ సీటుకే వస్తుందనుకోవద్దు.

ఇక కనబడకుండా పోయే ఆ 5 వేలు. నాకు తెలిసి అది పోయేది దసరా బట్టలకు, పెళ్లిళ్లలో చదివింపులకు, జాతర ప్రయాణాలకు. వాటిని మానమనను, మానలేరు కూడా. నెలకు 1,500 వాటి పేరుతోనే పక్కన పెట్టండి. సుకన్యకు వెయ్యి పోగా మిగిలే 2,500 లోన్ తీరేదాకా పొదుపు ఖాతాలో ఉండాలి. జీతం 10వ తేదీకి పడుతుంటే ఆటో డెబిట్ 12కు పెట్టించుకోండి. 5కు పెడితే బౌన్స్ ఛార్జీలే మిగులుతాయి.

చిట్టీ రిజిస్టర్డ్ కంపెనీదో, కాలనీలో నడిచేదో మీరు రాయలేదు. కాలనీదైతే ప్రతి వాయిదాకూ పాస్‌బుక్కులో సంతకం తీసుకోండి.