కథ నొప్పి దగ్గర మొదలుపెట్టు

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. హెరాయిన్‌కు బానిసైన మనిషి గురించి రాయాలనిపించడమే మంచి విషయం. అయితే మొదటి పేజీలోనే అతను బానిసగా వచ్చేశాడు. వణికే చేతులు, ఎర్రటి కళ్లు, ఖాళీ జేబు. అంతకుముందు అతనికి ఏమైందో నువ్వు అడగలేదు. అందుకే చదువుతుంటే అతని మీద జాలి కలిగింది గానీ, అతను నాకు అర్థం కాలేదు.

ముందు ఆ ఎర్రటి కళ్లు తీసెయ్. హెరాయిన్ ఎక్కినవాడి కంటిపాప చీకటి గదిలో కూడా ఆవగింజంత అయిపోతుంది. మందు దిగిపోయేటప్పుడు అదే కంటిపాప విప్పారుతుంది. అతని కళ్లలోకి సూటిగా చూసే మనిషిని ఒకరిని కథలో పెట్టు, ఈ ఒక్క వివరం చాలా పని చేస్తుంది.

చాలా ఏళ్ల కిందట నాకు పొట్టకు ఆపరేషన్ అయింది. ఆ రాత్రి నొప్పి తట్టుకోలేకపోతుంటే నర్సు మార్ఫిన్ ఇంజెక్షన్ చేసింది. కాసేపటికి ఒక వింత జరిగింది. కుట్లు లాగుతూనే ఉన్నాయి, లాగుతున్నట్టు తెలుస్తూనే ఉంది. కానీ పక్కగదిలో ఎవరో మూలుగుతుంటే వింటున్నట్టుంది. నొప్పిలో రెండు ఉంటాయని ఆ రాత్రి తెలిసింది. ఒకటి దెబ్బ తగిలిందన్న కబురు, రెండోది ఆ కబురు వల్ల పడే బాధ. మార్ఫిన్ రెండింటి మీదా పనిచేస్తుంది. వెన్నుపాములో ఒక నాడీకణం ఇంకోదానికి నొప్పి కబురు అందించే చోట, పంపే కణం రసాయనాన్ని వదలడం తగ్గుతుంది, అందుకునే కణం త్వరగా ఉలిక్కిపడదు. పైన మెదడులో ఆ కబురుకున్న పదును పోతుంది.

గసగసాల కాయకు గాటు పెడితే కారే పాల నుంచే మార్ఫిన్, దాన్నుంచే హెరాయిన్ వస్తాయి. ఆ పాలకు మన మెదడులో చోటు ఎందుకుంది? మందు వచ్చి అతుక్కునే ఆ చోట్లను రిసెప్టర్లు అంటారు, అవి 1973లో దొరికాయి. 1975లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్‌లిట్జ్ అనే శాస్త్రవేత్తలు వాటికి సరిపోయే పదార్థాలను మెదడులోనే కనిపెట్టి ఎన్‌కెఫాలిన్లు అన్నారు. అంటే ఇలాంటి మందును ఒళ్లు తనే తయారు చేసుకుంటుంది, కాకపోతే చిటికెడు చేసి వెంటనే చెరిపేస్తుంది. బయటి నుంచి వచ్చిన మార్ఫిన్ గంటల తరబడి అక్కడే కూర్చుంటుంది.

ఇక నీ కథకు గుండెకాయ లాంటి సంగతి. మెదడు నడిమి భాగంలో డోపమైన్ అనే రసాయనాన్ని వదిలే కణాలు, వాటిని అదుపులో ఉంచే కణాలు కొన్ని ఉన్నాయి. మందు ఆ కాపలా కణాల నోరు నొక్కుతుంది, డోపమైన్ పొంగుతుంది. ఆ పొంగు మెదడుకు నేర్పే పాఠం ఒకటే: ఇది ముఖ్యం, గుర్తుపెట్టుకో. మందుతో పాటు ఆ చుట్టుపక్కలవన్నీ గుర్తుండిపోతాయి. మానేసి ఏడాదైన మనిషి పక్కింట్లో మాత్రల అట్ట చిటుక్కుమన్న చప్పుడు వింటే లేచి నిలబడతాడు. నీ పదిహేను పేజీల్లో అలాంటి చప్పుడు ఒక్కటీ లేదు.

రోజూ మందు పడుతుంటే కణాలు ఎదురు తోయడం నేర్చుకుంటాయి. అందుకే డోసు పెంచాల్సి వస్తుంది. హఠాత్తుగా ఆపితే ఆ ఎదురు తోపు మాత్రం మిగులుతుంది, గాలికి ఎదురు వంగి నడిచేవాడు గాలి ఆగగానే ముందుకు తూలినట్టు. మందు ఆగాక ఒళ్లు పడే ఈ అవస్థను, అంటే విత్‌డ్రాయల్‌ను, నువ్వు కేకలతో మొదలుపెట్టావు. ఆవులింతలతో మొదలుపెట్టు. తర్వాత ముక్కు కారడం, రోమాలు నిక్కబొడుచుకోవడం, విరేచనాలు, పక్క మీద ఒక్క క్షణం నిలవని కాళ్లు. ఈ దశకు వచ్చినవాడు సుఖం కోసం మందు తీసుకోడు, మామూలుగా ఉండటానికి తీసుకుంటాడు.

ఒక్క విషయంలో మాత్రం నీతో గట్టిగా చెప్పాలి. నీ కథలో క్యాన్సర్‌తో ఉన్న తల్లి, 'బానిసనైపోతాను' అని మార్ఫిన్ వద్దంటుంది. నువ్వు దాన్ని ధైర్యంలా రాశావు. దయచేసి మార్చు. నెలల తరబడి మార్ఫిన్ తీసుకున్న రోగి ఒంటికి అది అలవాటవుతుంది. హఠాత్తుగా ఆపితే ఇబ్బంది పడుతుంది, అందుకే డాక్టర్లు మెల్లగా తగ్గిస్తారు. దాన్ని వ్యసనం అనరు. నష్టమని తెలిసీ, వద్దనుకుంటూనే, మందు కోసం మిగతావన్నీ వదులుకుంటూ పోవడం వ్యసనం. నీ కథ చదివి ఏ ఇంట్లోనూ ఒక మనిషి అనవసరంగా నొప్పితో పోకూడదు.

చివర్లో అతను రోజురోజుకీ డోసు పెంచుకుంటూ పోయి చనిపోయాడు. అలా జరగదని కాదు. కానీ ఎక్కువ ప్రమాదం కొన్నాళ్లు మానేసి తిరిగొచ్చాక ఉంటుంది. ఒంటికి పాత ఓర్పు పోయి ఉంటుంది, చేతికి పాత డోసే గుర్తుంటుంది. ఊపిరిని నడిపే మెదడు కాండం మందగిస్తుంది. పెనుగులాట ఉండదు. గురక లాంటి చప్పుడు, మధ్యలో పెరిగే ఖాళీలు, నీలం తిరిగే పెదాలు. పక్కగదిలో ఉన్నవాళ్లు హాయిగా నిద్రపోతున్నాడనుకుంటారు. ఆ సమయంలో నాలోక్సోన్ ఇస్తే అది మందును రిసెప్టర్ల మీది నుంచి తోసేస్తుంది, నిమిషాల్లో ఊపిరి తిరిగి రావచ్చు. ఈ వ్యసనానికి చికిత్సగా ఇచ్చే మెథడోన్, బ్యుప్రెనార్ఫిన్ మందులతో ఏళ్ల తరబడి నిలదొక్కుకున్నవాళ్లూ ఉన్నారు. అతన్ని చంపాలో వద్దో ఇవన్నీ తెలిశాక నిర్ణయించుకో.

అతని చెల్లెలు 'నీకు మనసే లేదు' అనే చోట ఒక్క అక్షరం కూడా మార్చకు. ఆమె కోపం నిజం. కాకపోతే అంతకు చాలా పేజీల ముందు, అతని విరిగిన నడుము, మొదటి మాత్ర పడ్డాక నెలల తర్వాత అతను నిద్రపోయిన రాత్రి మాకు చూపించు. ఆ రాత్రి పక్కన కూర్చుని 'అమ్మయ్య' అనుకున్నది ఆ చెల్లెలే కావాలి.

తిరగరాశాక పంపు. తొందరేం లేదు.

మీ అన్నయ్య